గాలానికి పడ్డ జెల్ల

పిల్లలూ! సముద్రంలో చేపలు వలకే పడతాయా, గాలానికి కూడా పడతాయా అని మీలో ఒకరు అడిగారు. పడతాయి. ఆ సంగతి నేను కళ్ళారా చూశాను. కాని చూసినందుకు మా చిన్ని వేలు బూరెలాగా వాచింది. ఈ నెల ఆ కథే చెబుతాను.

సంక్రాంతికి నేను విశాఖపట్నంలో మా మేనల్లుడు రామం ఇంటికి వెళ్ళాను. పండుగ వెళ్ళిన మరునాడు రామం, అతని భార్య శారద, తొమ్మిదేళ్ళ చిన్ని, అయిదేళ్ళ గోపి, నేను కలిసి భీమునిపట్నం బయలుదేరాము. దారి పొడుగునా పక్కనే సముద్రం. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది భీమునిపట్నం దగ్గరే సముద్రంలో కలుస్తుంది. శారద పులిహోర కట్టింది. రామం నైలాను దారం, సీసపు గుళ్ళు, నాలుగు గాలపు ముళ్ళు, ఎరకు పావుకిలో రొయ్యలు తెచ్చాడు. చేపలు పట్టటం నాకెంత వచ్చో అతనికీ అంతే వచ్చు. అంటే రాదన్నమాట!

ఒడ్డున జాలర్లు పెద్దవల లాగుతున్నారు. వల నిండా నిగనిగలాడే కానాగంతలు. "చిన్నీ, ఈ చేపకు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వాడే పేరులో మన తెలుగుమాట ఉన్నది, తెలుసా?" అన్నాను. 1780ల్లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి, ఇక్కడి చేపల బొమ్మలు గీయించి, జాలర్లు చెప్పిన పేర్లు చెప్పినట్టే రాసుకున్నాడు. రెండువందల చేపలతో ఆ పుస్తకం 1803లో లండనులో అచ్చయింది. అందులో ఈ చేప పేరు "కనగుర్త". ఆ తరవాత ఫ్రాన్సులో కువియే అనే శాస్త్రజ్ఞుడు శాస్త్రనామం పెట్టేటప్పుడు ఆ మాటనే తీసుకున్నాడు. ఇప్పటికీ అది "రాస్ట్రెలిగర్ కనగుర్త". ఇంగ్లీషులో రక్తపింజరిని కూడా ఈ రస్సెల్ పేరుతోనే పిలుస్తారు. గోపికి చేపకన్న పాము సంగతే నచ్చింది.

మేము నదిమూలకు కొంచెం ఎడంగా కూర్చున్నాము. నది కలిసేచోట నీళ్ళలో దిగకూడదు. ఆటు సమయంలో నీరు లోపలికి లాగితే ఈత వచ్చినవాడు కూడా నిలవలేడు. మేము వెళ్ళేసరికి పోటు వస్తున్నది. పోటుతోపాటు చిన్నచేపలు, వాటి వెంట పెద్దచేపలు ఒడ్డుకు వస్తాయి. గంటసేపు ఏమీ పడలేదు. రెండు రొయ్యల్ని ఎవరో మర్యాదగా తినిపోయారు. పులిహోర కూడా అయిపోయింది.

అప్పుడు దారం గట్టిగా గుంజింది! రామం లాగాడు. మూరెడు చేప. పొలుసులు లేవు, ఒళ్ళంతా నున్నగా ఉన్నది, మూతికి పిల్లిమీసాలు. "నాన్నా, నేను తీస్తా!" అంటూ చిన్ని ఒక్క ఉరుకున వెళ్ళి పట్టుకున్నది.

"ముట్టుకోకు పాపా! జెల్ల అది!" అని ఒక ముసలి జాలరి దూరంనుంచి కేకవేశాడు. అప్పటికే చిన్ని కెవ్వుమన్నది.

జెల్లకు వీపుమీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, మొత్తం మూడు ముళ్ళుంటాయి. బెదిరితే వాటిని నిక్కబొడిచి, గొళ్ళెం పెట్టినట్టు బిగించేస్తుంది. ఇక ఎంత నొక్కినా వంగవు. పెద్దచేప ఏదన్నా మింగబోతే గొంతులో అడ్డం పడతాయన్నమాట. ముల్లు అంచున రంపపు పళ్ళు. పైన ఉండే పలచటి తోలులో విషం. ముల్లు గుచ్చుకోగానే తోలు చిరిగి విషం లోపలికి పోతుంది.

చిన్ని ముఖం తెల్లబోయింది. చుట్టూ జనం మూగారు. ఒకరు తాడు బిగించి కట్టమన్నారు, ఒకరు సున్నం రాయమన్నారు, ఇంకొకరు బ్లేడుతో కొయ్యమన్నారు! రామం చేతులు వణుకుతున్నాయి. ముసలాయన వచ్చి అందర్నీ పక్కకు నెట్టాడు. "కట్టొద్దు, కొయ్యొద్దు బాబూ. ఏణ్నీళ్ళలో పెట్టు. పాప ఓర్చుకునేటంత ఏడి. కాలిపోకూడదు."

పక్కనే టీకొట్టు ఉండటం మా అదృష్టం. శారద గిన్నెతో వేడినీళ్ళు తెచ్చింది. రామం ముందు తన చెయ్యి పెట్టి చూసుకుని, తరవాత చిన్ని చెయ్యి ముంచాడు. చల్లారుతుంటే మళ్ళీ కాసిని వేడినీళ్ళు పోయటం, పోసినప్పుడల్లా తన చెయ్యి ముందు పెట్టి చూడటం. ఈ విషం మాంసకృత్తు జాతిది, వేడికి చెడుతుంది. వేడి నొప్పిని కూడా అణుస్తుంది. వైద్యులు కూడా ముందు చెప్పేది ఇదే. గంటకు పైగా రామం ఇసకలో మోకాళ్ళమీదనుంచి లేవలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చినా జరగలేదు.

చిన్ని ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగినాక, ముసలాయన బకెట్టులో ఉన్న జెల్లను చూపించాడు. "దీని గుడ్లు గోలీకాయలంత ఉంటాయమ్మా. తల్లి పెట్టి ఎల్లిపోద్ది. తండ్రి నోట్లో ఎట్టుకుని మోస్తాడు. పిల్లలు బయటికొచ్చి ఈదినదాకా మెతుకు ముట్టడు." నిజమే, సముద్రపు జెల్లల్లో మగచేప అలా వారాల తరబడి ఉపవాసముంటుంది. పెద్దవలలో పడ్డ జెల్లల నోట్లో ఆ గుడ్లు ఆయన చాలాసార్లు చూశాడట.

గోపి బకెట్టు పట్టుకుని గోల పెట్టాడు: "దీని నోట్లో గుడ్లున్నాయేమో! వదిలెయ్యి నాన్నా!"

చిన్ని ముక్కు తుడుచుకుంటూ అన్నది: "ఉండవురా. మోసేవాడైతే తినడుగా. ఇది రొయ్యను మింగింది."

ముసలాయన పకపకా నవ్వాడు. నాకు ఆ మాట తట్టనేలేదు సుమా!

గోపి ఊరుకుంటాడా? "ఇవాళ కాకపోతే రేపు మోస్తుందేమో!" అన్నాడు. ఇది మగదో ఆడదో ఎవరికీ తెలియదు. రామం చిన్నివంక చూశాడు. చిన్ని కాసేపు ఆలోచించి, మంచిచేత్తో సముద్రంవైపు చూపించింది. ముసలాయన తలగుడ్డతో చేపను ఒడుపుగా పట్టి, గాలం ఊడదీసి నీళ్ళలో వదిలాడు. "మంచి పులుసు పోయింది" అని మాత్రం గొణుక్కున్నాడు.

తరవాత ఆసుపత్రికి వెళ్ళాము. డాక్టరుగారు ముల్లుముక్క లోపల విరగలేదని చూసి, ధనుర్వాతం రాకుండా సూది వేశారు. సూదికి చిన్ని మళ్ళీ ఏడ్చింది. తిరిగివచ్చేటప్పుడు కారులో వెనక సీటులో నిద్రపోయింది. పక్కన కూర్చున్న రామం ఆ వాచిన చేతిని ఇంటిదాకా అరచేతిలో పెట్టుకునే ఉన్నాడు. కారు శారద నడిపింది.