అంగడిలో అందం: హస్తకళకు అంగప్రదర్శన అవసరమా?

నేడు చిన్న వ్యాపారి చేతికి కూడా ప్రకటనా సాధనం వచ్చింది. ఒకప్పుడు పత్రికలలో పూర్తి పుట ప్రకటన వేయించుకోగల స్తోమత పెద్ద సబ్బుల కంపెనీలకో, సిగరెట్ల కంపెనీలకో మాత్రమే ఉండేది. ఈనాడు ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీ నేసే కుటుంబమైనా, నరసాపురం పరిసరాలలో లేసు అల్లే ఇల్లాలైనా చేతిలోని ఫోనుతో ఒక ఛాయాచిత్రం తీసి లోకానికంతటికీ చూపవచ్చు. ఇది మేలే. అయితే ఈ సౌకర్యంతో పాటు పెద్ద కంపెనీల పాత చిట్కా ఒకటి చిన్న అంగడిలోకి కూడా ప్రవేశిస్తున్నది. సరుకు పక్కన స్త్రీ శరీరాన్ని నిలబెట్టి చూపరుల కన్ను కట్టివేయడమే ఆ చిట్కా. "ఆకర్షణ లేనిదే అమ్మకం లేదు. చేతిపనివారు మాత్రం ఎందుకు వెనుకబడాలి?" అని వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులు అడుగుతుంటారు. ఈ ప్రశ్నను కోపంతో కొట్టివేయడం ఉపాధ్యాయునికి తగదు. లెక్క అడిగినవారికి లెక్కతోనే జవాబు చెప్పాలి.

ముందుగా ఒక మాట. అందాన్ని నిందించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. శృంగారాన్ని రసరాజమన్న సాహిత్యం మనది. చీరను కట్టుకొని చూపితేనే దాని జాలువారుతనం తెలుస్తుంది. లేసు అంచును మెడచుట్టూ చూపితేనే దాని సన్నదనం తెలుస్తుంది. అక్కడ మనిషి సరుకును చూపుతున్నది. తివాచీ మీద ఒక యువతిని అర్ధనగ్నంగా పడుకోబెట్టిన బొమ్మలో మాత్రం మనిషి సరుకును కప్పివేస్తున్నది. బొమ్మలోని శరీరం వస్తువు గుణాన్ని తెలుపుతున్నదా, మరుగుపరుస్తున్నదా అన్నదే ఇక్కడ గీటురాయి.

ఈ చిట్కా ఎక్కడ పుట్టిందో గమనిస్తే, అది ఎవరికి పనికివస్తుందో బోధపడుతుంది. 1880లలో అమెరికాలో యంత్రాలపై సిగరెట్లు కుప్పలు తెప్పలుగా తయారైనప్పుడు, పెట్టెలలో నటీమణుల బొమ్మల కార్డులు పెట్టి అమ్మారు. 1911లో వుడ్‌బరీ సబ్బు ప్రకటన స్పర్శాసుఖాన్ని సూచిస్తూ వెలువడింది. మన దేశంలో 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బుకు ప్రచారం చేసింది. 1975లో జలపాతం కింద స్నానమాడే యువతి లిరిల్ సబ్బును ఇంటింటికీ పరిచయం చేసింది. ఇవన్నీ యంత్రం మీద లక్షల సంఖ్యలో తయారైన వస్తువులే. సబ్బుకూ సబ్బుకూ, సిగరెట్టుకూ సిగరెట్టుకూ కొనేవాడికి తెలిసే భేదం స్వల్పం. వస్తువులో చెప్పుకోదగిన ప్రత్యేకత లేనప్పుడు దానికి బయటినుండి ఒక ఆకర్షణను అతికించవలసి వచ్చింది. హస్తకళ సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒక మగ్గం మీద దిగిన రెండు తివాచీలు కూడా అచ్చంగా ఒక్కటి కావు. తన ప్రత్యేకతే తన మూలధనమైనవాడు, ప్రత్యేకత లేనివాడి ఉపాయాన్ని అరువు తెచ్చుకోవడం వ్యాపారనీతి కూడా కాదు.

పోనీ, ఆ ఉపాయమైనా ఫలిస్తుందా? అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ విర్ట్జ్, ఆయన సహచరులు ఈ విషయంపై వెలువడిన 78 పరిశోధనలను క్రోడీకరించి 2017లో ఫలితాలను ప్రచురించారు. కామోద్దీపకమైన ప్రకటన చూపరులకు బాగా గుర్తుంటుంది. కాని ఏ కంపెనీ వస్తువో గుర్తుండటానికి అది తోడ్పడలేదు. కొనాలన్న కోరికను అది పెంచిన దాఖలా కూడా కనిపించలేదు. పురుషులు అట్టి ప్రకటనలను కొంత మెచ్చగా, స్త్రీలు ఏవగించుకున్నారు. మన ఇళ్ళలో తివాచీ కొనేటప్పుడు ఇల్లాలి మాటకు ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

పైగా చిన్న కళాకారుని అవసరం వేరు. తివాచీ నేయడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఏడాదికి కొద్ది తివాచీలు మాత్రమే నేయగలవాడికి లక్షమంది చూపరులు ఎందుకు? సరుకు విలువ తెలిసి, తగిన ధర ఇచ్చే పదిమంది చాలు. శరీరాన్ని చూడవచ్చిన గుంపులో ఆ పదిమంది ఉంటారన్న భరోసా ఏమిటి?

ఇంతకన్న గంభీరమైన విషయం మరొకటి ఉన్నది. పెద్ద కంపెనీ అయితే వృత్తిగా నటించే స్త్రీకి డబ్బిచ్చి, ఒప్పందం వ్రాసుకొని బొమ్మ తీయిస్తుంది. చిన్న అంగడికి అంత స్తోమత ఎక్కడిది? అక్కడ కెమెరా ముందు నిలబడవలసివచ్చేది అంగట్లో పనిచేసే పేదపిల్ల, లేదా ఇంటి ఆడపడుచు. కాదంటే కూలి పోతుందేమో, అన్నయ్య నొచ్చుకుంటాడేమో అన్న జంకు మధ్య ఆమె ఇచ్చే అంగీకారాన్ని అంగీకారమనగలమా? ఒకసారి లోకంలోకి వెళ్ళిన బొమ్మను వెనక్కు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. తివాచీ అమ్ముడుపోయినా, పోకపోయినా ఆ బొమ్మ మాత్రం ఆమెను పెండ్లిపీటల దాకా వెంటాడుతుంది. ఇజ్జత్ అన్న మాటకు మన ఇళ్ళలో ఉన్న బరువు ఆమె ఒక్కతె నెత్తిన పడుతుంది.

తొలిచూపు మెరుపును నమ్ముకొని నష్టపోవడం మన నేతపనికి కొత్త కాదు. పారశీక దేశం నుండి వచ్చిన నేతగాండ్రు ఈ విద్యను ఏలూరుకు తెచ్చారని ప్రతీతి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో ఏలూరు తివాచీలు స్థానం సంపాదించుకున్నాయి. కాని ఆ తరువాతి దశాబ్దాలలో చౌక బేరం మొదలైంది. ఇంగ్లీషు దిగుమతిదారులు చౌక సామగ్రి కోసం తెచ్చిన ఒత్తిడి మన పొరుగున ఉన్న మచిలీపట్నం తివాచీలను చెరిచిందని, 1880లో భారతీయ పారిశ్రామిక కళలపై గ్రంథం రచించిన జార్జి బర్డ్‌వుడ్ వాపోయాడు. 1856లో విలియం పెర్కిన్ కనుగొన్న కృత్రిమ వర్ణంతో ఆరంభమైన అనిలిన్ రంగులు మన దేశపు మగ్గాల దగ్గరకూ చేరాయి. తొలిచూపున అవి ధగధగలాడాయి, కొంతకాలానికి వెలిసిపోయాయి. రంగుతో పాటు కొన్నవాడి నమ్మకమూ వెలిసింది. కన్ను చెదరగొట్టే బొమ్మ కూడా అటువంటి రంగే.

నరసాపురం లేసు కథ మరొక పాఠం చెబుతుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రచురించింది. వేలాది స్త్రీలు గంటల తరబడి అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతూ ఉండగా, వారిని శ్రామికులుగా ఎవరూ లెక్కించలేదని, తీరిక వేళ ఇల్లాలు చేసుకునే పనిగానే భావించారని ఆమె తేల్చింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇప్పుడైనా ఆ చేతులు లోకానికి కనిపించాలి. అల్లిన స్త్రీని చాటున ఉంచి, అల్లని స్త్రీని ముందు నిలబెట్టి అమ్మితే పాత అన్యాయమే కొత్త ముస్తాబుతో సాగుతుంది. ప్రకటనలలో స్త్రీని అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధిస్తూ 1986లోనే చట్టం వచ్చింది. అయితే చట్టం దండించగలదు గాని సరుకును అమ్మిపెట్టలేదు. ఆ పని మన తెలివి చేయాలి.

మరి చూపవలసినది ఏమిటి? తివాచీని తిరగవేసి చూపండి. చేతిముడుల తివాచీలో ముందు వైపున్న పూలు, లతలు వెనుక వైపున కూడా ముడి ముడిగా కనిపిస్తాయి. బంకతో గుడ్డ అతికించిన తివాచీ ఆ పరీక్షకు నిలువదు. ఉన్ని ఎక్కడిదో, రంగు ఏదో, ఎన్ని దినాలు పట్టిందో చెప్పండి. ముడివేసే వేళ్ళను చూపండి. నేసినవారు ఇష్టపడితే వారి పేరు వ్రాయండి. పెద్ద యంత్రశాల ఎంత ధనం వెచ్చించినా అనుకరించలేని ప్రకటన ఇదొక్కటే. ముడివేసే వేళ్ళు దాని దగ్గర లేవు కదా!

విద్యార్థి మిత్రులారా! మీలో నేతవారి బిడ్డలు ఉన్నారు, లేసు అల్లే తల్లుల బిడ్డలు ఉన్నారు. రేపు ఆ అంగళ్ళ లెక్కలు, బొమ్మలు, వ్రాతలు మీ చేతిలోకే వస్తాయి. కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంగా ఒక విన్నపం. రానున్న విద్యాసంవత్సరంలో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు, తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలిసి తంగెళ్ళమూడి మగ్గాల వద్దకు వెళ్ళాలి. ఒక్కొక్క తివాచీకి దాని వివరాలతో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో ఒక చీటీ వ్రాసి, ముందూ వెనుకా ఛాయాచిత్రాలు తీసి ఇవ్వాలి. ఖర్చు స్వల్పం. మూడు భాషలు తెలిసిన పిల్లలు మన దగ్గర ఉన్నారు. అమ్మకం పెరిగిందో లేదో ఏడాది తరువాత లెక్క చూసి, ఆ లెక్కను ఈ సంచికలోనే ప్రకటిద్దాం.