పరీక్ష యెవరికి?

బిడ్డ యేమి నేర్చెనో తెలిసికొనుటకే పరీక్ష, వెలివేయుటకు గాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించెను. పలుచోట్ల నది పట్టికలు నింపు పనిగా దిగజారెను. పిమ్మట 2019లో చట్టమును సవరించి, అయిదవ, ఎనిమిదవ తరగతులలో మరల పరీక్షించినను తప్పినవారిని నిలిపివేయుటకు వీలు గల్పించిరి. రోగమేదో కనుగొనక రోగిని శిక్షించు వైద్యమిది!

2005లో నారంభమైన అసర్ సర్వేలో స్వచ్ఛంద సేవకులు ఇంటింటికి బోయి, బిడ్డచేత అక్షరము, పదము, చిన్న పేరా, రెండవ తరగతి కథ చదివించి, చదువు ఎచ్చట నాగెనో పట్టుకొనుచున్నారు. ఒక్క కాగితముతో సాగు నీ పని బడిలో నెలకొకమారు జరుగరాదా? ఆగినచోటనుండి బోధన తిరిగి మొదలిడవలదా? ఉపాధ్యాయునికి పట్టికల బరువు దింపి, యీ తీరిక నిండు. ఎనిమిదేండ్లు బడిలో నుంచుకొని చదువు చెప్పలేని ప్రభుత్వమే ముందు తప్పినదని మేము ఘోషించుచున్నాము.