హత్యకు ముందు కనిపించే కులం

సైకాలజీ ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని ఇటీవల నన్ను అడిగింది: ఒక వ్యక్తిపై జరగబోయే దాడిని ముందే పసిగట్టి ఆపడం అమెరికాలో ఒక వృత్తి అట, మన దగ్గర అలాంటి ఉద్యోగం ఉందా అని. పని ఉంది, దానికి మనిషిని పెట్టలేదు అన్నాను.

అమెరికా సీక్రెట్ సర్వీస్ 1998లో ముప్పు అంచనా కేంద్రాన్ని నెలకొల్పింది. కొలంబైన్ కాల్పుల తర్వాత విద్యాశాఖతో కలిసి 37 పాఠశాల దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చింది. దాడికి దిగినవారందరికీ సరిపోయే మూస ఏదీ లేదని, 81 శాతం ఘటనల్లో మాత్రం ఆ ఆలోచన కనీసం మరొకరికి ముందే తెలుసని తేలింది. బెదిరించినవాడల్లా చంపడు, చంపేవాడు చాలాసార్లు బాధితుణ్ని బెదిరించడు. అందుకే నోటిమాట కంటే నడతను గమనించాలంటుంది ఈ శాస్త్రం.

కొన్నేళ్ల క్రితం కులాంతర వివాహం చేసుకున్న నా విద్యార్థుల కోసం ఒక పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. "మీ నాన్న చంపుతానన్నాడా?" అని అధికారి అమ్మాయిని అడిగాడు. "లేదు సార్, మాట్లాడడమే మానేశాడు. బాబాయి మాత్రం ఈయన ఏ బస్సు ఎక్కుతాడో స్నేహితులను అడుగుతున్నాడు." "మరి భయమెందుకమ్మా?" అంటూ రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి రాజీ మాట్లాడబోయాడు. అసలు ప్రమాదం ఆ బస్సు ప్రశ్నలోనే ఉందని ఆయనకు ఎవరూ నేర్పలేదు. అబ్బాయి దళితుడని నేను వేరే చెప్పనక్కరలేదు.

అయితే అమెరికా నమూనా మనకు యథాతథంగా సరిపోదు. అక్కడ తెలిసినవాడు భయంతోనో, నమ్మలేకనో మౌనం వహిస్తాడు. ఇక్కడ తెలిసినవాడు తరచూ సమర్థిస్తాడు. 1991లో చుండూరులో సినిమాహాలు గొడవ తర్వాత దళితులను సాంఘికంగా బహిష్కరించారు. ఊళ్లో పోలీసులుండగానే ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. అక్కడ రహస్యంగా జరిగిందేమిటి? కాబట్టి ఒక్క మనిషి మనసును చదివితే చాలదు. అతణ్ని రెచ్చగొడుతున్నదెవరు, పరువు పోయిందని పెళ్లిపందిట్లో ఎత్తిపొడుస్తున్నదెవరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నది అన్నవీ అంచనాలో భాగం కావాలి.

చట్టం లేదనలేం. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలంది, జంటలకు రక్షిత గృహాల ఏర్పాటును పరిశీలించాలంది. ముప్పు నిజానిజాలను, తీవ్రతను అదనపు ఎస్పీ స్థాయి అధికారి విచారించి వారంలోగా నివేదిక ఇవ్వాలంది. ఆరు నెలలు తిరగకుండానే, సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుణ్ని కిరాయి హంతకుడు నరికి చంపాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. శిక్ష పడింది సరే. ఆ వారం రోజుల విచారణ చేయగల శిక్షణ ఎంతమంది అధికారులకుంది?

ఆ పనికి మనస్తత్వ శాస్త్రం, సామాజిక సేవ చదివినవారు పోలీసుల పక్కన కూర్చోవాలి, దళిత, ఆదివాసీ యువత ముందుగా. లేకపోతే అదే అంచనా పేరుతో దళిత కుర్రాళ్లపైనే రౌడీషీట్లు తెరుస్తారు. అది మనకు కొత్త కాదు.

ఆ విద్యార్థిని తన డిసర్టేషన్‌కు ఒక జిల్లాను ఎంచుకుంది. అయిదేళ్లలో రక్షణ కోరిన జంటల అర్జీలు ఏమయ్యాయో చూస్తానంటోంది. సమాచార హక్కు దరఖాస్తు రాసి నాకు చూపించింది. నేను ఒక్క ప్రశ్న చేర్చాను: వారం లోపు నివేదిక అందినవి ఎన్ని?