గర్భసంచి ఆపరేషన్ అయిన ఇల్లాలి గుండె సంగతి?

గుండెపోటు మగవాళ్ళ జబ్బని మనలో చాలామంది నమ్మకం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. 52 దేశాల్లో జరిపి 2004లో వెలువరించిన ఇంటర్‌హార్ట్ పరిశీలనలో స్త్రీలకు మొదటి గుండెపోటు పురుషులకంటే సుమారు 9 ఏళ్ళు ఆలస్యంగా వస్తున్నట్లు తేలింది. అయితే ఈ రక్షణ జీవితాంతం ఉండదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది స్త్రీలు దీన్ని చిన్న వయసులోనే పోగొట్టుకుంటున్నారు.

అండాశయాల నుండి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉన్నంతకాలం స్త్రీకి గుండె విషయంలో కొంత మేలు జరుగుతుంది. బహిష్టులు ఆగిపోయే సమయంలో ఆ హార్మోను తగ్గి, చెడు కొలెస్టరాల్ అయిన ఎల్.డి.ఎల్. పెరుగుతుంది. ఎక్కువైన ఎల్.డి.ఎల్. రక్తనాళాల గోడల్లోకి చేరుతుంది. దాన్ని తొలగించడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు ఆ కొవ్వును మింగి అక్కడే పేరుకుపోతాయి. గోడ వాచి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చిట్లితే దానిపై రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

అంటే మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తికి కూడా ఇందులో పాత్ర ఉన్నదన్నమాట. ఈ శక్తి సాధారణంగా స్త్రీలలో ఎక్కువ చురుకుగా ఉంటుంది. అది సొంత శరీరంపైనే తిరగబడటం వల్ల వచ్చే కీళ్ళవాతం, లూపస్ వంటి జబ్బులు స్త్రీలకే ఎక్కువ. ఈ జబ్బులున్న వారికి గుండెపోటు ముప్పు కూడా ఎక్కువే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు 3. తెలంగాణలో సుమారు 8, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9. ఆపరేషన్‌లో అండాశయాలను కూడా తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. 45 ఏళ్ళలోపు ఇలా జరిగిన వారికి గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. బహిష్టులు ఎలాగూ ఉండవు కనుక ఆ మార్పు ఎవరికీ తెలియదు.

గర్భసంచి ఆపరేషన్ కొందరికి తప్పనిసరి. దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ తెల్లబట్ట అవుతోందనో, పిల్లలు పుట్టేశారు కదా ఇక ఎందుకనో తొందరపడవద్దు. ఇది నిజంగా అవసరమా, మందులతో నయం కాదా, అండాశయాలు ఉంచుతారా అని డాక్టరును ముందే అడగండి. అడగడం మీ హక్కు.

బీరంగూడ, రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతాల్లో కంపెనీలకు వెళ్ళే మగవారిలో చాలామందికి పనిచేసే చోట అప్పుడప్పుడైనా వైద్య పరీక్షలు జరుగుతాయి. ఇంట్లో ఉన్న ఆమెకు ఎవరు చేయిస్తారు? "నాకేం, బాగానే ఉన్నాను" అని ఆమే అంటుంది. ఇంటి ఖర్చులో తన పరీక్షను చివరకు నెడుతుంది. ఆ మాట నమ్మి ఊరుకోవడం భర్తలకు, పిల్లలకు తగదు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్న ఉద్యోగి భార్యకు కూడా ఆ వైద్య సౌకర్యం వర్తిస్తుంది.

ఆపరేషన్ అయిన స్త్రీలు, 45 ఏళ్ళలోపే బహిష్టులు ఆగినవారు బి.పి., షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోవాలి. మంచి కొలెస్టరాల్ అయిన హెచ్.డి.ఎల్. మగవారికి 40కి, ఆడవారికి 50కి తగ్గకుండా ఉండాలి. ఆపరేషన్ ఎప్పుడు జరిగింది, గర్భవతిగా ఉన్నప్పుడు బి.పి. లేక షుగరు వచ్చిందా, కీళ్ళవాతం ఉందా అన్నవి డాక్టరుకు తప్పక చెప్పండి. అడగకపోయినా చెప్పండి. ఆపరేషన్ కాగితాలు దాచి ఉంచండి. అండాశయాలు తీశారో లేదో వాటిలోనే ఉంటుంది.

స్త్రీలకు కూడా గుండెపోటులో ఛాతీ నొప్పి వస్తుంది. దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, విపరీతమైన నీరసం, చెమటలు, వాంతి వచ్చినట్లుండటం, దవడలో లేక వీపులో నొప్పి రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంటాయనకు ఇలా ఉంటే ఎంత ఆదుర్దాగా పరుగెత్తుతామో, ఇల్లాలికీ అంత ఆదుర్దాగానే పరుగెత్తాలి.