ఖాతా నాది, నంబరు ఆయనది

2025 జూన్‌లో ఒక సాయంత్రం మా ఎదురింటి చెల్లె ఫోను పట్టుకుని వచ్చింది. "అక్కా, నా పైసలు నాకే ఇస్తలేదు ఈ ఫోను" అంది.

కూతురి కాలేజీ ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టాలట. ఎల్లుండే ఆఖరు తేదీ. ఖాతాలో డబ్బుంది. బట్టలు కుట్టి, సంఘం అప్పు తీర్చగా మిగిలింది దాచుకున్న డబ్బు. కానీ కొత్త ఫోనులో ఎన్నిసార్లు నొక్కినా ఒకటే జవాబు: "మీ రిజిస్టర్డ్ నంబరుకు ఓటీపీ పంపించాం." పంపించారు సరే, ఎక్కడికి? ఆ ఖాతాకు రాయించినది వాళ్లాయన నంబరు. ఆయన దుబాయ్ వెళ్లి మూడేళ్లయింది. ఇక్కడి సిమ్ముకు రీచార్జి చేసేవాళ్లు లేక అదెప్పుడో ఆగిపోయింది.

ఎందుకైనా మంచిదని ఆ నంబరుకు ఫోను చేశాను. రింగయింది! గుంటూరు వైపు మాటతో ఎవరో పెద్దాయన ఎత్తారు. సంగతి చెప్పగానే, "ఆ ఖాతా మీదా అమ్మా! ఏడాది నుంచీ మీ మెసేజీలన్నీ నాకే వస్తున్నాయి. సంక్రాంతి ముందు రెండు వేలు తీశారు కదూ?" అన్నారు. చెల్లె ముఖం పాలిపోయింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పని లెక్క అది. నయం, ఆయన మంచి మనిషి. కాకపోతే?

ఇందులో వింత ఏమీ లేదు. 90 రోజులు వాడని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు. తీసేశాక కనీసం మరో 90 రోజులు ఎవరికీ ఇవ్వరనీ, ఆ తర్వాత ఇవ్వవచ్చనీ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అంటే నంబరు అద్దె ఇల్లులాంటిది. మనం ఖాళీ చేశాక వేరేవాళ్లు దిగుతారు. ఉత్తరాలు మాత్రం పాత చిరునామాకే వెళుతుంటాయి.

మరి ఆయన నంబరే ఎందుకు రాయించింది? మీరైనా నేనైనా అదే చేశాం కదా! ఆధార్ మొదలైన రోజుల్లో ఇంటికి ఒకటే ఫోను. అది మగవాళ్ల జేబులో ఉండేది. దేశంలో మొట్టమొదటి ఆధార్ సంఖ్య 2010 సెప్టెంబరు 29న మా పొరుగు రాష్ట్రం మహారాష్ట్రలో, నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే పల్లెలో ఇచ్చారు. అందుకున్నది రంజనా సోనావణే అనే ఆడమనిషి. సంఖ్య ఆడవాళ్లకు అలా ముందే వచ్చింది, ఫోనే వెనకబడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు నూటికి 79 మంది. తామే వాడుకునే ఫోను ఉన్నవాళ్లు 54 మంది. మిగతా పాతికమందికీ పెట్టె ఇచ్చి, తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టినట్టే గదా!

ఆఖరుకు చెల్లె బ్యాంకులో ఫారం రాసి నగదు తీసింది. నెట్ సెంటర్ అబ్బాయి వంద తీసుకుని ఫీజు కట్టి పెట్టాడు. ఇక నంబరు మార్పించడం మిగిలింది. సొంత సిమ్ము కొంటానంటే అత్తగారు, "ఇంట్ల ఉండేదానికి నీకెందుకే వేరే నంబరు? నెలనెలా పైసలు దండుగ" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, రీచార్జి రేట్లు అలాగే ఉన్నాయి. అయినా పట్టుబట్టి కొనిపించాను.

బ్యాంకులో కౌంటరు దగ్గర అబ్బాయి తలెత్తకుండానే "మీ ఆయన వచ్చినప్పుడు రండి" అన్నాడు. ఖాతా ఆమెది, సంతకం ఆమెది, డబ్బు ఆమెది, మధ్యలో ఆయన ఎందుకని అడిగాను. మేనేజరు వచ్చి ఫారం ఇప్పించాడు. అదయ్యాక ఆధార్‌లో నంబరు. పెద్దకొడప్‌గల్ నుంచి బాన్సువాడ పోయాం. బస్సు ఉచితమే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అక్కడ ఇంకో చిక్కు. బ్యాంకులో ఈమె పేరులోని లక్ష్మిని 'కె ఎస్ హెచ్' పెట్టి రాశారు. ఆధార్‌లో మన తెలంగాణ అలవాటుగా ఒక్క 'ఎక్స్'తో సరిపెట్టారు. మనకు ఇద్దరూ ఒక లక్ష్మే. కంప్యూటరుకు ఇద్దరు. దానికి ఇంకో రోజు, ఇంకో వరుస, ఇంకో ఫారం.

నాకు కోపం ఒక్కటే. ఇన్ని ఫారాలు నింపించినవాళ్లు "మొబైల్ నంబరు" అని గడి పెడతారు గానీ "ఇది మీ దగ్గరే ఉండే ఫోనా?" అని ఒక్క మాట అడగరు. ఖాతా తెరిచేనాడు కౌంటరు దగ్గర ఆ ఒక్క ప్రశ్న తెలుగులో అడిగితే సగం తిప్పలు ఉండవు. అన్నట్టు కొన్నిచోట్ల రహస్య ప్రశ్న అని మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు అడుగుతారు. మా ఊళ్లో అది తెలియనివాళ్లు ఎవరో నాకైతే తెలియదు!

ఇంత చెప్పే నేను మాత్రం? డిగ్రీ చదివాను, కథలు రాస్తాను. నా మెయిల్ మావాడి ఫోనులో ఉండేది. వాడు పాస్‌వర్డ్ మార్చి మరిచిపోయాడు. ఒక కథ అచ్చుకు తీసుకున్నామని పత్రికవాళ్లు రాసిన జవాబు నేను చూసేసరికి మూడు నెలలు దాటింది. గ్యాసు, బ్యాంకు, ఆధార్ అన్నీ మావారి నంబరే. చెల్లెతో బాన్సువాడలో వరుసలో నిలబడినప్పుడు నేనూ ఒక ఫారం తీసుకున్నాను.

వారం తర్వాత చెల్లె ఫోనులో సొంత నంబరుకు మొదటి ఓటీపీ వచ్చింది. కళ్లజోడు కోసం వెతుక్కుంటూ "ఏదీ, చదువు, నేను కొడతా" అన్నాను. ఆమె ఫోను గుండెకు ఆనించుకుంది.

"ఎవ్వరికీ చెప్పొద్దని రాసిండ్రు గదా అక్కా. నేనే కొట్టుకుంట."