కారు అద్దం మీది అక్షరం మనమే కోసుకుందాం, మన లిపిలోనే

‘పాఠశాల’ అనే మాటను వినైల్ మీద కోయించి స్కూలు వ్యాను అద్దానికి అతికించాలనుకుందాం. ఠ నడుమ ఉండే చుక్క మినపగింజంత కూడా ఉండదు. కోత అయ్యాక చుట్టూ మిగిలిన వృథా రేకును ఒలిచేటప్పుడు ఆ చుక్క కూడా దానితో లేచిపోయిందంటే వ్యాను మీద మిగిలేది ‘పారశాల’. ‘సరస్వతి’ అని రాద్దామన్నా చిక్కే. స, ప, ష, హ వంటి అక్షరాలకు తలకట్టు ఒంటికి ఆనకుండా పైన విడిగా ఉంటుంది. వత్తులు కింద విడిగా ఉంటాయి. అన్నీ వేర్వేరు ముక్కలుగా తెగుతాయి. ఇంగ్లిషులో ఐ, జె చిన్నక్షరాల మీది చుక్కలు తప్ప ఇలా విడిగా తెగేవి దాదాపు లేవు. మనకు మాత్రం చాలా పదాల్లో ఉంటాయి.

మన ఊళ్లలో రేడియం షాపు నడిపేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. కోరల్‌డ్రాలో అనూ ఫాంట్లతో పేరు కొట్టి, ప్లాటర్‌కు పంపి, సూదిమొనతో వృథాను ఒలిచి, బండి వెనక ‘అమ్మ దీవెన’ అనో పిల్లల పేర్లనో అంటించడం వాళ్లకు రోజువారీ పని. ఇప్పుడు అదే పనిచేసే చిన్న యంత్రాలు ఇళ్లలోకి వస్తున్నాయి. క్రికట్, సిల్హౌట్ కేమియో, బ్రదర్ కంపెనీ స్కాన్‌ఎన్‌కట్ వంటివి. చూడ్డానికి ప్రింటర్‌లా ఉంటాయి. లోపల సిరా బదులు సన్నటి కత్తి ఉంటుంది. అది సుమారు 60 మైక్రాన్ల మందం ఉండే వినైల్ రేకును కోసి, దాని వెనకున్న కాగితాన్ని మాత్రం తెగకుండా వదిలేస్తుంది. వీటిలో మామూలు సైజు మోడళ్లు 12 అంగుళాల వెడల్పు దాకా కోస్తాయి. వెనక అద్దం మీద ఒక పేరుకూ, ఒక బొమ్మకూ అది చాలు.

ఈ యంత్రం ఇంటికి రావడం మంచిదే. తమ బండి మీద ఏం ఉండాలో ఒక కుటుంబం తానే గీసుకుని, కోసుకుని, అంటించుకోవడంలో ఆనందం ఉంది, నేర్పు ఉంది, కొందరికి ఇంటిపట్టున నాలుగు రూపాయల సంపాదనా ఉంది. కానీ కొనేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. యంత్రం మనదైతే, దానితో ఏ అక్షరం కోయాలన్న నిర్ణయం కూడా మనదేనా?

ఆ ప్రశ్నకు ఈ యంత్రాల చరిత్రలోనే జవాబు వెతకాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ప్రోవో క్రాఫ్ట్ అనే కంపెనీ తెచ్చిన తొలి క్రికట్‌కు కంప్యూటర్ అవసరం ఉండేది కాదు. కార్ట్రిడ్జ్‌లు అమ్మేవారు. ఒక్కో దానిలో కొన్ని బొమ్మలు, ఒక ఫాంటు. యంత్రంలో ఏ కార్ట్రిడ్జ్ పెడితే అందులోవే తెగుతాయి. కొన్నవారు సొంతంగా గీసిన బొమ్మకు అందులో చోటు లేదు. రోమన్ అక్షరాలు తప్ప మరొకటి రాసుకునేవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది! బయటి ప్రోగ్రామర్లు మేక్ ద కట్, ష్యూర్ కట్స్ ఎ లాట్ అనే సాఫ్ట్‌వేర్లు రాసి, ఎవరి బొమ్మ వాళ్లు కోసుకునే దారి తెరిచారు. 2010-11 ప్రాంతంలో కంపెనీ వారిపై కోర్టుకెక్కింది. ఆ రెండు ప్రోగ్రాముల నుంచీ క్రికట్‌ను నడిపే వెసులుబాటు పోయింది.

పదేళ్ల తర్వాత మళ్లీ అదే గొడవ. అప్పటికి కంపెనీ పేరే క్రికట్‌గా మారింది, కార్ట్రిడ్జ్‌ల స్థానంలో ఇంటర్నెట్‌తో నడిచే డిజైన్ స్పేస్ వచ్చింది. 2021 మార్చిలో, నెలనెలా చందా కట్టనివారు నెలకు 20 సొంత డిజైన్లకు మించి అప్‌లోడ్ చేయకూడదని కంపెనీ ప్రకటించింది. డబ్బిచ్చి కొన్న యంత్రం, తమ ఇంట్లో ఉన్న యంత్రం. దానికి నెలకింత అని లెక్క పెట్టడం ఏమిటని కొన్నవాళ్లు మండిపడ్డారు. కంపెనీ స్టాక్‌మార్కెట్లో నమోదవుతున్న రోజులవి. కొద్ది రోజుల్లోనే ఆ ఆలోచన విరమించుకుంది. ఆ రోజు కోపం తెచ్చుకున్నవాళ్లలో ఎందరో ఇంట్లో కూర్చుని చిన్నచిన్న స్టిక్కర్లు, టీషర్టులు చేసుకునే ఆడవాళ్లు. సంఘం పెట్టుకోలేదు, ధర్నా చేయలేదు. గట్టిగా అడిగారంతే. అడిగితే వింటారన్నది అందులో మనం పట్టుకోవాల్సిన విషయం.

తెలుగు విషయంలో మాత్రం ఇంకా ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు. కంప్యూటర్‌లో తెలుగు రాత రెండంచెల్లో నడుస్తుంది. ‘క్ష్మి’ అని కొడితే లోపల క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా నిల్వ ఉంటాయి. వాటిని కలిపి, ష వత్తును క కింద, మ వత్తును ఆ పక్కన, గుడిని పైన కూర్చేందుకు షేపింగ్ ఇంజిన్ అనే భాగం వేరే ఉండాలి. ఆ భాగం లేని సాఫ్ట్‌వేర్‌లో పొల్లులు బయటపడతాయి, వత్తులు దూరంగా జరిగిపోతాయి. ఇక ఫాంటులో గుడి, దీర్ఘం అసలు అక్షరం మీదికి కాస్త ఎక్కి ఉంటాయి. తెర మీద అది కనిపించదు. కత్తి మాత్రం రెండు గీతలనూ విడివిడిగా కోస్తూ పోతుంది, అక్షరం నడుమ గాట్లు పడతాయి.

దీనికి ఉచితంగా దొరికే విరుగుడు ఇంక్‌స్కేప్. 2003లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఇది. తెలుగును సరిగ్గా కూరుస్తుంది. అందులో పదం కొట్టాక, దాన్ని అక్షరంగా కాక గీతగా మార్చాలి. ఆ తర్వాత యూనియన్ అనే ఆదేశంతో ఒకదానిమీదొకటి ఎక్కిన గీతలన్నిటినీ ఒకే ఆకారంగా కలిపేయాలి. ఆ ఫైలును ఎస్‌వీజీగా దాచి యంత్రానికి ఇస్తే చాలు, దాని సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చా రాదా అన్న బెంగ ఉండదు. దానికిక అది కేవలం ఒక బొమ్మ. క్రికట్ డిజైన్ స్పేస్ ఎస్‌వీజీని ఉచితంగానే తీసుకుంటుంది. సిల్హౌట్ స్టూడియో ఉచిత రూపంలో ఎస్‌వీజీ తెరుచుకోదు. దానికి డీఎక్స్‌ఎఫ్ రూపంలో ఇవ్వాలి, లేదంటే పై మెట్టు వెర్షన్ కొనుక్కోవాలి. ఈ ఒక్క తేడా తెలియక యంత్రాన్ని అటకెక్కించేస్తే ఆ డబ్బంతా వృథా.

ఫాంట్ల విషయంలో మనం అదృష్టవంతులం. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, గిడుగు, పెద్దన, ఎన్టీఆర్, శ్రీకృష్ణదేవరాయ వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటి లైసెన్సు ప్రకారం స్టిక్కర్లు చేసి అమ్ముకున్నా అభ్యంతరం లేదు. కారు అద్దానికి రామభద్ర వంటి లావుపాటి ఫాంటే మేలు. సన్నగీతల ఫాంటు కాగితం మీద ఎంత ముద్దుగా ఉన్నా, వృథా ఒలిచేటప్పుడు తెగుతుంది, అంటించాక దూరానికి కనిపించదు. వత్తులున్న పదాన్ని అంగుళం కన్నా తక్కువ ఎత్తులో కోయకపోవడం మంచిది. సినిమా హీరోల ఫొటోలు, క్రికెట్ జట్ల గుర్తులు, కంపెనీల లోగోలు కోసి అమ్మడం మాత్రం వేరే సంగతి. అవి ఇంకొకరి సొత్తు.

సరుకు దగ్గర చాలామంది మోసపోతుంటారు. వినైల్‌లో రెండు రకాలున్నాయి. వేడి రోలర్ల మధ్య నలిపి సాగదీసి చేసేది క్యాలెండర్డ్. ద్రవంగా పోసి ఆరబెట్టేది కాస్ట్. సాగదీసిన రేకు కాలక్రమంలో మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, పోసిన రేకుకు ఆ గుణం లేదు. అందుకే వంపులు తిరిగిన బంపర్లకు, బాడీకి కాస్ట్ కావాలి, ధరా ఎక్కువే. కానీ కారు అద్దం దాదాపు బల్లపరుపు. దానికి నాణ్యమైన క్యాలెండర్డ్ సరిపోతుంది. జర్మనీ కంపెనీ ఓరాఫాల్ తన ఓరాకల్ 651 నలుపు, తెలుపు రేకులు బయటి వాతావరణంలో ఆరేళ్ల దాకా నిలుస్తాయని చెబుతుంది. అది నిలువుగా ఉన్న తలం మీది లెక్క. రెంటచింతల, రామగుండం ఎండల్లో, ఏటవాలు వెనక అద్దం మీద అంతకాలం ఆశించకూడదు. గోడలకు అంటించే మ్యాట్ రకాన్ని కారుకు వాడితే మొదటి వేసవికే అంచులు లేస్తాయి.

అంటించడం ఓపికున్న పని. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు నీడలో చేయాలి. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది, సరిచేసే వీలుండదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అద్దం తుడవాలి. మెరుపు కోసం మైనం కలిపిన క్లీనర్లు వద్దు. ట్రాన్స్‌ఫర్ టేపు మీదికి అక్షరాలను ఎత్తుకుని, నడుమ ఒక మాస్కింగ్ టేపు పట్టీ వేసి అద్దానికి నిలబెట్టి, ఒక సగం వెనక కాగితం తీసి అంటించి, తర్వాత రెండో సగం. తలకట్లు, చుక్కలు అన్నీ టేపుకు పట్టాయో లేదో ఎత్తే ముందే వేలితో నొక్కి చూసుకోవాలి. లోపలి వైపు అంటించేదైతే డిజైన్‌ను అద్దంలో చూసినట్టు తిరగేసి కోయాలి. కానీ చాలా కార్ల వెనక అద్దానికి లోపల పొగమంచు కరిగించే సన్నని తీగల గీతలుంటాయి. అక్కడ అంటించి ఎప్పుడో పీకితే గీతలు తెగి ఆ ఏర్పాటే పాడవుతుంది. వెనక అద్దానికి బయటివైపే సరైన చోటు. పైకీ కిందకీ దిగే పక్క అద్దాలకు వద్దనే చెప్పాలి, రబ్బరు రాసుకుని అంచులు చిరుగుతాయి.

ఇంతకీ ఎక్కడ అంటించవచ్చు, ఎంత? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు దూరాలంటుంది. 2012లో అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను నిషేధించింది. ఆ తర్వాత నిబంధన మారింది. సవరించిన నిబంధన ప్రకారం ఆ శాతాలకు లోబడిన ఫిల్ము వాడుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. విడి అక్షరాల స్టిక్కరు ఫిల్ము కాదు. అయినా నిబంధన వెనకున్న ఉద్దేశం ఒక్కటే: నడిపేవారికి రోడ్డు కనిపించాలి. వెనక అద్దం నిండా నాయకుడి బొమ్మ, హీరో బొమ్మ వేసుకున్న బండి రివర్స్‌లో వచ్చేటప్పుడు వెనకున్న పసిపిల్ల కనిపించదు. ముందు అద్దం మీద ఫాస్టాగ్ తప్ప ఇంకేమీ లేకుంటేనే క్షేమం. కాలిఫోర్నియాలో ఉండే తెలుగువారికి ఇంకా కచ్చితమైన కొలతలున్నాయి. అక్కడ ముందు అద్దం మీద డ్రైవరుకు దూరంగా ఉన్న కింది మూలలో ఏడంగుళాల చదరం, డ్రైవరు వైపు కింది మూలలో ఐదంగుళాల చదరం మించకూడదు.

ఏం రాయాలన్నదీ చిన్న విషయం కాదు. వాహనాలపై కులం పేర్లు రాసుకునేవారిపై చర్యలు తీసుకోవాలని 2020 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ రవాణా శాఖ ఆదేశించింది. మన రోడ్ల మీద ఆ జాడ్యం తక్కువేమీ లేదు. విలేకరులు కానివాళ్ల బండ్ల మీద ‘ప్రెస్’, ఆ ఉద్యోగం లేనివాళ్ల బండ్ల మీద ‘పోలీస్’ కనిపిస్తూనే ఉంటాయి. యంత్రం ఇంట్లో ఉంటే అలాంటివి కోయడం ఇంకా తేలిక. అందుకే స్టిక్కర్లు చేసి అమ్మేవాళ్లు వాటిని కోయబోమని తెగేసి చెప్పాలి. కోయదగినవి బోలెడు ఉన్నాయి. అమెరికాలో సేఫ్టీ ఫస్ట్ కంపెనీ 1984లో ‘బేబీ ఆన్ బోర్డ్’ పసుపు గుర్తును తెచ్చింది. మన కార్ల మీదా అదే ఇంగ్లిషు. ‘బండిలో పసిబిడ్డ ఉంది’ అని తెలుగులో ఉంటే వెనకొచ్చే ఆటో డ్రైవరుకు ఇంకా బాగా అర్థమవుతుంది. డ్రైవింగ్ నేర్చుకునేవారి బండికి కనీసం 18 సెంటీమీటర్ల తెల్లని చదరంలో ఎర్రని ‘ఎల్’ ఉండాలని నిబంధన. కొలతతో కోయడానికి ఈ యంత్రానికి మించింది లేదు.

ఒకటో రెండో స్టిక్కర్ల కోసమైతే యంత్రం కొనడం దండగ. వీధి చివరి రేడియం షాపుకు వెళ్లండి. ఆయన చేతికి తెలుగు తెలుసు. తరచూ చేసుకోవాలనుకున్నా, ఇంటినుంచి చిన్న వ్యాపారం పెట్టాలనుకున్నా కొనండి. అయితే డబ్బు కట్టేముందు దుకాణంలోనే ఆ యంత్రం సాఫ్ట్‌వేర్‌లో ‘రాష్ట్రం’ అని తెలుగులో కొట్టి, ఒక ముక్క కోసి చూపమనండి. ష కింద రెండు వత్తులూ సరిగ్గా కూర్చుని, సున్నా దాని చోట అది ఉంటే కొనండి. లేదంటే తెలుగు ఎప్పుడు వస్తుందని కంపెనీకి రాసి అడగండి.