అడవికి ఎండకాలం, ఖజానాకు మార్చి

సంక్రాంతి వెళ్లగానే నల్లమలలో ఆకు రాలడం మొదలవుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం దారి పట్టిన బస్సుకు ఫిబ్రవరిలో రెండు పక్కలా పచ్చదనం ఉండదు. ఉండేది పాదం మునిగేంత ఎండుటాకు. ఎవరో ఆర్పకుండా విసిరేసిన బీడీ ముక్క, ఇప్పపూలు ఏరుకునేందుకు చెట్టు కింద శుభ్రం చేయబోయి పెట్టిన చిన్న మంట, పశువుల కాపరి వంట చేసుకుని వదిలేసిన నిప్పు... వీటిలో ఏదైనా చాలు, గుట్టకు గుట్ట అంటుకోవడానికి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ భయం తప్పదు. ఆ నాలుగు నెలల నట్టనడుమ మార్చి 31 ఉంది. ఆ రోజుతో పాత ఏడాది పద్దు మూసుకుపోతుంది. కొత్త పద్దు తెరుచుకోవాలంటే వార్షిక ప్రణాళిక ఢిల్లీకి వెళ్లాలి, ఆమోదం పొందాలి, మొదటి కిస్తీ విడుదల కావాలి, ఆ డబ్బు హైదరాబాద్ మీదుగా అచ్చంపేట చేరాలి. ఏప్రిల్ మంటలు అప్పటిదాకా ఆగవు.

అంతరించిపోతున్న ప్రాణుల ఆవాసాల కోసం ప్రభుత్వం ఇచ్చే నిధుల గురించి ఎవరు మాట్లాడినా 'సరిపోవడం లేదు' అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. నిధులు అడిగే పద్ధతి ఆఫీసు క్యాలెండర్‌కు తగ్గట్టు తయారైంది. అడవి క్యాలెండర్‌తో దానికి పొత్తు లేదు. పైగా ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్లకు అడిగే వరుసలో చోటే లేదు.

ఈ అడవి చరిత్ర కొంత తెలిస్తేనే చిక్కు అర్థమవుతుంది. 1973లో తొమ్మిది అభయారణ్యాలతో మొదలైన ప్రాజెక్టు టైగర్‌లోకి నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో చేరింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతమే. ఈ విస్తీర్ణంతో పోలిస్తే పులులు తక్కువ. జాతీయ గణనలో తెలంగాణ లెక్క 2018లో 26 ఉండగా 2022 నాటికి 21కి తగ్గింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం అమ్రాబాద్‌వే. ఇది ఆకురాల్చే ఎండు అడవి. దుప్పి, కణితి పెరగాలంటే గడ్డి మైదానాలు కావాలి, వేసవిలో నీటి గుంటలు కావాలి, నిప్పు రాకుండా కాపలా కావాలి. ఈ మూడూ ఏడాదికోసారి చేసి వదిలేసే పనులు కావు.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. ప్రతి టైగర్ రిజర్వుకూ వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38వి సెక్షన్ కింద ఒక సంరక్షణ ప్రణాళిక ఉండాలి. దాన్ని ఆధారం చేసుకుని ఏటా ఫీల్డ్ డైరెక్టర్ 'యాన్యువల్ ప్లాన్ ఆఫ్ ఆపరేషన్స్' తయారు చేస్తారు. శాఖలో అందరూ దాన్ని ఏపీఓ అంటారు. అది నిలువు గళ్ల పట్టిక. ఏ పని, ఎన్ని యూనిట్లు, ఏ రేటు, ఏ జీపీఎస్ బిందువు దగ్గర, సంరక్షణ ప్రణాళికలో అది ఏ పేజీలో ఉంది అన్న వివరాలన్నీ రాయాలి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, రాష్ట్ర ప్రభుత్వం చూశాక అది జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థకు చేరుతుంది. ప్రజాధనం కాబట్టి ఇంత వివరం అడగడంలో తప్పేమీ లేదు. జీపీఎస్ బిందువు రాయించడం వల్ల కాగితం మీద తవ్విన గుంటలు కొన్నయినా తగ్గి ఉంటాయి.

తిరకాసంతా వాటాల్లో ఉంది. ఒక్కసారి పెట్టే ఖర్చులకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ఏటేటా వచ్చే ఖర్చులు చెరి సగం. మామూలు మాటల్లో చెప్పుకుంటే, కట్టడానికీ కొనడానికీ ఢిల్లీ ఎక్కువ ఇస్తుంది, కాపలా కాయడానికి తక్కువ ఇస్తుంది. భవనం, వాహనం, బోరు ఫొటోలో పడతాయి, ఆడిట్‌లో నిలుస్తాయి. మంట పుట్టకుండా ఆపిన కాపలాదారుడి పనికి ఫొటో ఉండదు. జరగని నష్టాన్ని ఏ గడిలో రాస్తారు?

అసలు ఫైర్ లైన్ ఎలా వేస్తారో ఒకసారి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. బాట వెంట కొన్ని మీటర్ల వెడల్పున ఎండుటాకును బ్లోయర్లతోనో చెట్టు మండలతోనో ఊడ్చి, పక్కకు లాగి, గాలి తగ్గిన వేళ చూసి అదుపులో కాలుస్తారు. నేల తేలిన ఆ పట్టీ దగ్గరకు వచ్చి మంట ఆగిపోతుంది. అయితే వారం తిరిగేసరికి మళ్లీ ఆకు రాలుతుంది, మళ్లీ ఊడవాలి. ఉపగ్రహాలు మంటలను పసిగడితే భారత అటవీ సర్వే సంస్థ సిబ్బంది ఫోన్లకు ఎస్ఎంఎస్ పంపుతుంది. సందేశం రాగానే బేస్ క్యాంపులోని వాచర్లు నడిచి వెళ్లాలి. అలా వెళ్లేవాళ్లలో ఈ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచు గిరిజన యువకులు చాలామంది ఉన్నారు. ఎక్కడ రాయి జారుతుందో, ఏ వాగు దాటితే దారి దగ్గరో వాళ్లకు తెలుసు. వాళ్ల జీతం మాత్రం 'ఏటేటా వచ్చే ఖర్చు' గడిలో ఉంటుంది. చెరి సగం పడే ఆ గడిలో డబ్బు ఆలస్యమైతే అందరికంటే ముందు చిక్కుకునేది వాళ్లే.

ఆలస్యానికి కారణం వెతికితే ఏ ఒక్క అధికారినో తప్పుపట్టలేం. డబ్బు కిస్తీల్లో వస్తుంది. ముందు కిస్తీ ఖర్చయినట్టు వినియోగ పత్రం ఇస్తేగానీ తర్వాతిది రాదు. 2021 జూలైలో కేంద్ర ప్రాయోజిత పథకాల్లో ఒక్కో పథకం సొమ్మంతా ఒకే నోడల్ ఖాతాలోకి వెళ్లే పద్ధతి వచ్చింది. కేంద్రం వాటా అందులో పడ్డాక గడువులోగా రాష్ట్రం తన వాటా జమ చేయాలి. రాష్ట్ర ఖజానా ఇరుకున పడితే ఆ జమ ఆగుతుంది. జమ ఆగితే ఖర్చు ఆగుతుంది, ఖర్చు కాకపోతే వినియోగ పత్రం రాదు, పత్రం లేకపోతే రెండో కిస్తీ లేదు. ఏడాది చివర్లో ఎలాగో వచ్చిన డబ్బును మార్చిలోగా తెమిల్చేయాలన్న తొందర ఉంటుంది. ఆ తొందరలో త్వరగా అయ్యే పనులే ముందుకు వస్తాయి. గడ్డి మైదానం అలా త్వరగా అయ్యేది కాదు. తొలకరికి విత్తాలి, పొదలు ఏరాలి, రెండు మూడు వానాకాలాలు కనిపెట్టుకుని ఉండాలి.

అమ్రాబాద్‌కు సంబంధించి పెద్ద పద్దు మరొకటి ఉంది. కోర్ ప్రాంతంలోని ఊళ్ల తరలింపు. కుటుంబానికి పది లక్షల రూపాయలుగా ఉన్న ప్యాకేజీని 2021లో 15 లక్షలకు పెంచారు. నూరు కుటుంబాల ఊరంటే 15 కోట్లు. కాపలా పద్దు ఈ మొత్తం ముందు ఏ మూలకు? సార్లపల్లి, కుడిచింతలబైలు, తాటిగుండాల, కొల్లంపెంట వంటి పేర్లు ఈ ప్రతిపాదనల్లో ఏళ్లుగా వినిపిస్తూనే ఉన్నాయి. 2024 జూన్‌లో పులుల సంస్థ రాష్ట్రాలకు రాసిన లేఖ ప్రకారం దేశమంతటా కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయి. తరలింపును త్వరగా చేపట్టాలని ఆ లేఖ కోరింది. తరలింపు స్వచ్ఛందంగా జరగాలని, అంతకుముందే అటవీ హక్కులు తేల్చాలని, గ్రామసభ ఒప్పుకోవాలని అదే వన్యప్రాణి చట్టం చెబుతోంది. ఆ షరతుల సంగతి తేలకముందే లక్ష్యాల పట్టిక సిద్ధమవుతోంది.

వెళ్లిపోవాలనుకునే కుటుంబాలూ ఉన్నాయి. బడి, ఆసుపత్రి, రోడ్డు కావాలనుకోవడం తప్పెలా అవుతుంది? ఆ ఊళ్లలో చెంచులే కాదు, ఇతరులూ ఉంటారు. అందరి మాటా ఒకటి కాదు. కానీ అప్పాపూర్, భౌరాపూర్ పెంటల (చెంచు గూడేల) వంటి చోట్ల ఉంటున్న చెంచులకు ఆ అడవే తేనె పట్టు, గడ్డ, బంక. 1940 ప్రాంతంలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ పెంటల్లో తిరిగి చెంచుల జీవితం రాశాడు. ఆయన సిఫార్సులతో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల కోసం ప్రత్యేక రిజర్వు ఏర్పాటు చేసింది. ఒకప్పుడు మనుషులను అడవిలో ఉంచేందుకు గీత గీశారు, ఇప్పుడు వాళ్లను బయటికి పంపేందుకు మరో గీత గీస్తున్నారు.

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సాముదాయిక అటవీ వనరులను కాపాడుకునే హక్కు ఇచ్చింది. హక్కు ఉంది, పద్దు లేదు. ఏపీఓ రాసేది అటవీ శాఖ, చెంచుల సంక్షేమం చూసేది మన్ననూరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ). బాగా వెనుకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబరులో ప్రకటించిన పీఎం జన్‌మన్ 24,104 కోట్ల పథకం, అది గిరిజన శాఖది. ఇళ్లకు ఒక దారి, పులికి ఒక దారి. తన పెంట చుట్టూ ఏ గుంట ముందు ఎండుతుందో తెలిసిన మనిషి ఈ రెండు ఫైళ్లలోనూ లబ్ధిదారే తప్ప దరఖాస్తుదారు కాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, నిధులిచ్చే చేయి మరో సంతకం కూడా చేయడం ఒక ఎత్తు. 2019 మేలో కేంద్ర పర్యావరణ శాఖలోని అటవీ సలహా కమిటీ అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సిఫార్సు చేసింది. ప్రతిపాదనలో సుమారు నాలుగు వేల బోర్ల మాట ఉంది. పులుల కోసం డబ్బు పంపేదీ ఆ శాఖే. నల్గొండ వైపు లంబాపూర్–పెద్దగట్టు యురేనియం వివాదాన్ని రెండు వేల దశకం మొదట్లోనే చూసిన జనం ఈసారి వెంటనే లేచారు. 'సేవ్ నల్లమల' ఉద్యమం ఊపందుకుంది. 2019 సెప్టెంబరు 16న శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. ఆవాసాన్ని కాపాడటంలో ఆ ఒక్క తీర్మానం చేసిన మేలు ఎన్నో ఏపీఓల పెట్టు. దానికి ఖర్చూ కాలేదు.

పులుల గీత అవతల ఉన్న ప్రాణుల సంగతి ఇంకా పలచన. నారాయణపేట జిల్లాలో మాగనూరు, కృష్ణా మండలాల చేలల్లో కృష్ణజింకలు మందలుగా దిగుతాయి. వాటికీ చట్టంలో మొదటి షెడ్యూల్ రక్షణే ఉంది. మొలకెత్తిన పంట పోగొట్టుకున్న రైతుకు మాత్రం ఆ రక్షణ శాపంగా కనిపిస్తుంది. రక్షిత ప్రాంతాల బయట వన్యప్రాణుల కోసం కేంద్ర పథకంలో ప్రత్యేక విభాగం ఉంది. కానీ పులి పేరుకున్న పలుకుబడి జింకకు లేదు. నది దాటితే కర్నూలు వైపు రోళ్లపాడు ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడ్డ అభయారణ్యం అది. రికార్డుల్లో బీడు అని రాసుకున్న గడ్డి నేలలు చుట్టూ సాగులోకి పోయాక అక్కడ ఆ పక్షి దొరకడం గగనమైంది.

డబ్బు బొత్తిగా లేదా అంటే, 2019 ఆగస్టులో కాంపా నిధి నుంచి తెలంగాణకు 3,110 కోట్లు వచ్చాయి. ప్రాజెక్టుల కోసం అడవిని ఇచ్చుకున్నందుకు వచ్చిన పరిహారమది. దాన్ని వన్యప్రాణి నిర్వహణకు వాడుకోవచ్చని 2018 నిబంధనలు చెబుతున్నాయి. మొక్కలు నాటడం మీద ఉన్న మోజు నేలను కాపాడటం మీద ఉండదు, అంతే తేడా.

పదిహేనో ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి వరకు. వన్యప్రాణి ఆవాసాల పథకానికి ఆ కాలానికి కేంద్రం సుమారు 2,600 కోట్లు కేటాయించింది. కొత్త విడత రాసేటప్పుడు రాష్ట్రం అడగాల్సినవి మూడున్నాయి. అగ్ని కాలపు ఖర్చును డిసెంబరులోనే విడుదల చేసి మే నెలాఖరు వరకు వాడుకోనివ్వాలి. వాచర్ల జీతాలకూ 60 శాతం వాటా వర్తించాలి. సాముదాయిక హక్కు ఉన్న గ్రామసభ పంపిన పనుల జాబితా ఏపీఓకు అనుబంధంగా ఉండాలి, దాన్ని తిరస్కరిస్తే కారణం రాయాలి. వీటికి ఢిల్లీ ఎప్పుడు ఒప్పుకుంటుందో చెప్పలేం. ఈలోగా హైదరాబాద్ చేతిలో ఉన్న పని ఒకటుంది. చట్టం ప్రకారం ప్రతి టైగర్ రిజర్వుకూ ఒక ఫౌండేషన్ ఉంటుంది. పర్యాటకుల రుసుములు, విరాళాలు అందులో జమవుతాయి. ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు వెళ్లే జనం ఇచ్చే డబ్బులో కొంత పక్కన పెట్టి, ఏప్రిల్, మే నెలల వాచర్ల జీతాలకు ముందుగా వాడి, కేంద్ర నిధులు వచ్చాక సర్దుకోవచ్చు. దానికి రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి చాలు.